గోముఖ్ ఇంకెన్నేళ్లుంటుంది?

హిమాలయాల్లోని హిమానీనదాల గురించి, అంటే కొండల మీది నుంచి నదిలా మెల్లగా కిందికి పారే మంచు గురించి, పోయిన సంచికలో రాసిన నాలుగు మాటలకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారికి నా గురించి ఒక్క మాట. ఇరవై రెండేళ్లు ఉపగ్రహ చిత్రాలు చూసి హిమానీనదాల పటాలు గీయడమే నా ఉద్యోగం. మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో సర్వేయరు. గొలుసు పట్టుకుని పొలాల హద్దులు కొలిచేవారు. ఆయన పాతించిన రాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నేను గీసిన హద్దులు మాత్రం ఏటేటా వెనక్కి జరుగుతూ వచ్చాయి.

ప్రశ్న: 2011లో మావారితో గంగ పుట్టే చోటైన గోముఖ్ వెళ్లాను. 2023లో మా చెల్లెలితో మళ్లీ వెళ్లాను. మొదటిసారి మంచు గోడ కనిపించిన చోట ఈసారి రాళ్లు, నీళ్లు తప్ప ఏమీ లేవు. గోడ బాగా వెనక్కి పోయింది. 2035కల్లా హిమాలయాల్లో మంచే ఉండదని మాతో పనిచేసిన మాస్టారొకరు చెప్పారు. మా మనవరాలికి ఆరేళ్లు. తను పెద్దయ్యాక గోముఖ్ చూడగలదా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, పాలకొల్లు

జవాబు: చూస్తుందమ్మా. ఆ 2035 మాట తప్పు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీ 2007 నివేదికలో ఆ మాట వచ్చింది. సరైన ఆధారం లేకుండా చేర్చామని ఒప్పుకుని 2010 జనవరిలో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. అయినా ఆ సంవత్సరం జనం నోళ్లలో ఉండిపోయింది. మీ మాస్టారి తప్పేం లేదు, పత్రికలన్నీ అప్పట్లో అదే రాశాయి.

చేత్తో చేసుకోగల లెక్క ఒకటి ఉంది. గంగోత్రి హిమానీనదం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. దాని చివరి అంచే గోముఖ్. 1935లో జియలాజికల్ సర్వే వాళ్లు ఆ అంచును తొలిసారి జాగ్రత్తగా పటంలో గీశారు. అప్పటి నుంచీ అది వెనక్కి నడుస్తూనే ఉంది. కొన్నేళ్లు వేగంగా, కొన్నేళ్లు మెల్లగా. సగటున ఏడాదికి 20 మీటర్లనుకుందాం. 2007 నుంచి 2035 దాకా 28 ఏళ్లకు 560 మీటర్లు అవుతుంది. 30 వేల మీటర్లలో 560. మీకు, మీ చెల్లెలికి కంటికి కనబడినంత మార్పు నిజమే. కానీ అంతటితో హిమానీనదం అయిపోదు.

ఇంతటితో ఆపితే మీకు సగం నిజమే చెప్పినట్టవుతుంది. గోముఖ్ ఎంత వెనక్కి పోయిందన్నది అసలు లెక్క కాదు. చెరువును తలచుకోండి. ఎండాకాలంలో నీళ్ల అంచు నాలుగు అడుగులు వెనక్కి పోతే చెరువు బాగానే ఉందనుకుంటాం. కానీ మధ్యలో మట్టం నిలువెత్తు దిగిపోయి ఉండవచ్చు. హిమానీనదం కూడా అలాగే పైనుంచి పలచబడుతుంది. అంచు కదలకుండానే వందల మీటర్ల వెడల్పున, కిలోమీటర్ల పొడవున ఏటా కొంత మందం తగ్గుతుంది. అది యాత్రికుల కంటికి కనబడదు. అక్కడ నిలబడి ఎంతసేపు చూసినా నాకూ కనబడలేదు. ఎత్తులు కొలిస్తేనే తెలుస్తుంది.

చిన్నవి ముందు పోతాయి, పెద్దవి ఆలస్యంగా పోతాయి. ప్రపంచంలోని రెండు లక్షలకు పైగా హిమానీనదాలకు ఒక్కొక్కదానికీ విడివిడిగా లెక్క కట్టి 2023లో ఒక పరిశోధన బృందం ఫలితాలు ప్రకటించింది. భూమి వేడి పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 1.5 డిగ్రీలకు మించి పెరగకుండా ఆపినా, 2100 నాటికి సంఖ్యలో సగం మాయమవుతాయి. మొత్తం మంచు బరువులో మాత్రం పోయేది నాలుగో వంతు. 4 డిగ్రీలు పెరిగితే సంఖ్యలో 83 శాతం, బరువులో 41 శాతం పోతాయి. మన హిమాలయాలూ, హిందూకుష్ పర్వతాలూ కలిపి చూసిన మరో నివేదిక, వేడి అదుపు తప్పితే శతాబ్దం చివరికి ఇప్పుడున్న పరిమాణంలో 80 శాతం దాకా పోవచ్చంటోంది.

మీ మనవరాలు గోముఖ్ చూస్తుంది. మీరు మొదటిసారి నిలబడిన చోటు నుంచి ఇంకా చాలా దూరం పైకి నడవాల్సి వస్తుంది. తన మనవరాలు ఎంత చూస్తుందన్నది పైన చెప్పిన 1.5 డిగ్రీలు, 4 డిగ్రీలు అన్న ఆ రెండు లెక్కల మధ్య ఉంది.

ప్రశ్న: మేడమ్, ఉపగ్రహం తీసే ఫొటోలో పొడవు, వెడల్పు కనబడతాయి సరే. ఎత్తు ఎలా తెలుస్తుంది? పైగా 2100లో ఎంత మంచు ఉంటుందో ఇప్పుడే ఎలా చెబుతారు? వారం తర్వాత వాన పడుతుందో లేదో చెప్పలేకపోతున్నారు కదా?
— బీఎస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. దీనికి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడు. కష్టం. రెండు కళ్లూ రెండు కోణాల నుంచి చూస్తాయి కాబట్టే దూరం తెలుస్తుంది. ఉపగ్రహానికీ అదే కిటుకు. 2005 మేలో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలుండేవి, ఒకటి ముందుకు వంగి, ఒకటి వెనక్కి వంగి. ఒకే కొండను నిమిషం లోపు తేడాతో రెండుసార్లు తీసేవి. ఆ రెండు బొమ్మల మధ్య ప్రతి బిందువూ ఎంత జరిగిందో చూస్తే దాని ఎత్తు తేలుతుంది. అమెరికా వాళ్ల టెర్రా ఉపగ్రహం మీద జపాన్ అమర్చిన ఆస్టర్ కెమెరా కూడా 2000 నుంచి ఇదే పద్ధతిలో పనిచేసింది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజుల్లో రాడార్‌తో భూమిపై చాలా భాగానికి ఎత్తుల పటం తయారుచేసింది.

పాత ఎత్తుల పటం నుంచి కొత్తదాన్ని తీసేయడమే మా పని. 2000లో ఇక్కడ 4,812 మీటర్లు, 2015లో 4,803 అనుకుందాం. తొమ్మిది మీటర్లు పోయింది. హిమానీనదమంతటా ఇలా తీసేస్తే పోయిన ఘనపరిమాణం వస్తుంది. ఒక్కో ఘనపు మీటరుకు సగటున 850 కిలోల చొప్పున లెక్కేస్తే బరువు వస్తుంది. వినడానికి సులువుగానే ఉంది. కానీ రాడార్ కిరణం పొడి మంచులోకి కొన్ని మీటర్లు దిగిపోయి, లోపలి ఎత్తును పైఎత్తుగా చూపిస్తుంది. దాన్ని సరిచేయకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది. నేను ఒక్క లోయ కోసం ఈ సవరణ మీద ఎనిమిది నెలలు కూర్చున్నాను.

ఇంకా వెనక్కి వెళ్లడానికి మాకు దొరికిన నిధి గూఢచారి చిత్రాలు. 1970ల్లో అమెరికా హెక్సాగన్ అనే ఉపగ్రహాలు ఫిల్మ్ మీద ఫొటోలు తీసి, ఆ ఫిల్మ్ చుట్టలను పారాచూట్‌తో కిందికి వదిలేవి. వాటిని గగనంలోనే విమానాలు పట్టుకునేవి. రహస్య ముద్ర తీసేశాక ఆ చిత్రాల నుంచే అప్పటి ఎత్తులు తేల్చారు. 650 హిమాలయ హిమానీనదాలను అలా పోల్చి 2019లో ఒక పరిశోధన బృందం చెప్పింది ఇది: 2000 తర్వాత మంచు కరిగే వేగం అంతకు ముందు పాతికేళ్లలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు అయింది.

ఇక హద్దు. ఎక్కడిదాకా హిమానీనదం, ఎక్కడి నుంచి కొండ? మంచు మామూలు వెలుతురును తిప్పికొడుతుంది, కంటికి కనబడని ఒక రకం పరారుణ కాంతిని మింగేస్తుంది. ఆ రెండింటి నిష్పత్తి చూసి కంప్యూటరే గీత గీస్తుంది. నేను 2003లో గీసిన మొదటి పటం అలాంటిదే. జూన్ నెల చిత్రం వాడాను. సెప్టెంబరులో ఆ చోటికే వెళ్లాం. హిమాచల్ ప్రదేశ్‌లో రోహ్తాంగ్ కనుమ దాటి చంద్రా నది లోయలోకి. నేను హిమానీనదమని నీలం రంగు వేసిన వాలు మీద గడ్డి ఉంది. గద్దీ కాపరులు గొర్రెలు మేపుకుంటున్నారు. నేను గీసింది చలికాలంలో పడి జూన్ దాకా మిగిలిన మంచును. ఆ మర్నాడు ఇంకో తప్పు తెలిసింది. నేను కొండ అని వదిలేసిన రాళ్ల గుట్టల మీద నడుస్తుంటే కాళ్ల కింద నీళ్లు పారే చప్పుడు. రాళ్ల కింద ఉన్నదంతా మంచే. ఒకే పటంలో లేనిదాన్ని చేర్చాను, ఉన్నదాన్ని తీసేశాను. తిరిగొచ్చి చెబితే, నివేదిక పైకి వెళ్లిపోయింది కాబట్టి ఇప్పుడు మార్చలేమన్నారు. ఏడాది పాటు ఆ తప్పు పటమే చెలామణి అయింది. ఆ ఏడాదంతా నాకు నిద్ర సరిగ్గా లేదు.

ఆ రాళ్ల కప్పు సంగతి చాలా ముఖ్యం. చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్లకు సోడా బండివాళ్లు ఐసు దిమ్మల మీద ఊక పోసి గోనెపట్టా కప్పేవారు. సాయంత్రం దాకా కరిగేది కాదు. హిమానీనదం మీద అర మీటరు మందాన రాళ్లుంటే అదీ అలాగే నిలుస్తుంది. కానీ పలచగా దుమ్ము, ఇసుక మాత్రమే ఉంటే నల్లగా ఎండను పీల్చి మరింత వేగంగా కరిగిస్తుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి.

అందుకే మనుషులు వెళ్లాల్సిందే. హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదం మీద 2002 నుంచి ఏటా మన శాస్త్రవేత్తలు కొలుస్తున్నారు. ఆవిరి డ్రిల్లుతో మంచులోకి లోతుగా రంధ్రాలు చేసి వెదురు కర్రలు దింపుతారు. వేసవి అయ్యాక కర్ర ఎంత బయటపడిందో టేపుతో కొలుస్తారు. పైభాగంలో గుంటలు తవ్వి ఆ ఏడాది కురిసిన మంచు ఎంత నిలిచిందో చూస్తారు. పైన జమ, కింద ఖర్చు. ఛోటా షిగ్రీ ఖాతాలో సగటున ఏటా దాదాపు అర మీటరు మందం నీటికి సరిపడా మంచు తరుగు కనిపిస్తోంది. ఉపగ్రహం చెప్పిందీ, వెదురు కర్ర చెప్పిందీ కలిసినప్పుడే నేను నమ్ముతాను.

ఇక భవిష్యత్తు. వారం తర్వాతి వాన చెప్పడం వేరు, మే నెల జనవరి కంటే వేడిగా ఉంటుందని చెప్పడం వేరు. హిమానీనదం ఒక్క రోజు ఎండకు స్పందించదు, దశాబ్దాల జమాఖర్చుకు స్పందిస్తుంది. అందుకే లెక్కకు అందుతుంది. ఎత్తును బట్టి ఉష్ణోగ్రత, మంచు కురిసే తీరు, లోపలి మందం, అది కిందికి పారే వేగం, ఇవన్నీ కలిపి కంప్యూటర్ నమూనా కడతాం. దాన్ని వెంటనే 2100కి పంపించం. ముందు 2000 నుంచి 2019 దాకా నడిపించి చూస్తాం. జరిగిపోయినదాన్ని సరిగ్గా చెప్పగలిగితేనే జరగబోయేది అడుగుతాం.

అందులో బలహీనమైన చోటు మందం. చెరువు పైవిస్తీర్ణం ఎంత బాగా గీసినా అడుగు ఎక్కడుందో తెలియకపోతే నీళ్లెన్నో చెప్పలేం. మంచు కింది నేలను ఉపగ్రహం సూటిగా చూడలేదు. మంచు మీద రాడార్ లాక్కుంటూ నడిచి కొలిచిన హిమానీనదాలు చాలా తక్కువ. మిగతావాటికి వాలునూ, పారే వేగాన్నీ బట్టి మందం ఊహిస్తాం. 2022లో వేగాలను కొత్తగా కొలిచి లెక్క కడితే, హిమాలయాల్లో అంతకుముందు అనుకున్నదానికంటే 37 శాతం ఎక్కువ మంచు ఉందని తేలింది. చూశావా, ఎంత తేడానో. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ ఉపగ్రహం మీద నాకు అందుకే అంత ఆశ. మబ్బులున్నా, చీకటైనా రాడార్‌తో ప్రతి 12 రోజులకూ అదే చోటు చూస్తుంది. మంచు ఎంత కదిలిందో చెబుతుంది.

ప్రశ్న: హిమాలయాల్లో మంచు అయిపోతే మా గోదావరి కూడా ఎండిపోతుందా? టీవీలో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.
— రైతు, కొవ్వూరు

జవాబు: ఎండిపోదండీ. గోదావరి త్రయంబకంలో, కృష్ణ మహాబలేశ్వరంలో పుడతాయి. రెండింటికీ వానే ఆధారం, హిమానీనదాలతో సంబంధం లేదు. ఆ భయం సింధు, గంగ, బ్రహ్మపుత్ర ఒడ్డున ఉన్నవాళ్లది, ముఖ్యంగా సింధు వాళ్లది. అక్కడ కూడా మొదట కొన్ని దశాబ్దాలు కరిగే నీళ్లు పెరిగి, తర్వాత తగ్గుతాయి.

మీకు సంబంధం సముద్రం వైపు నుంచి ఉంది. 2000 నుంచి 2019 దాకా ప్రపంచంలోని హిమానీనదాలు ఏటా సగటున 26,700 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకున్నాయి. ఆ కాలంలో పెరిగిన సముద్ర మట్టంలో దాదాపు ఐదో వంతు దీనివల్లే. ఉప్పాడ దగ్గర సముద్రం తీరాన్ని కోసేయడాన్నంతా దీని మీదికే నెట్టకూడదు, దానికి వేరే కారణాలూ చాలా ఉన్నాయి. కానీ మీ దిగువన డెల్టాలో కాలువ చివరి పొలాలున్నవారికి ఉప్పునీటి బాధ నాకంటే బాగా తెలుసు.

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. 2023 అక్టోబరులో సిక్కింలో వరద వచ్చినప్పుడు అక్కడే ఉన్నాడు. రెండు రోజులు ఫోన్ కలవలేదు. ఆ రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ సరస్సు తెగుతుందని ముందే పటాల్లో తెలుసని తర్వాత పేపర్లో చదివాను. తెలిస్తే ఎందుకు చెప్పలేదమ్మా?
— ఒక తల్లి, పలాస

జవాబు: మీ ఉత్తరం చదివాక చాలాసేపు జవాబు రాయలేకపోయాను. మీ అబ్బాయి క్షేమంగా ఉన్నందుకు ముందు సంతోషం.

అవునమ్మా, తెలుసు. సౌత్ లోనక్ సరస్సు ఐదు వేల మీటర్లకు పైన ఉంటుంది. హిమానీనదం వెనక్కి పోయేకొద్దీ అది వదిలిన గుంటలో నీళ్లు చేరి సరస్సు పెరిగింది. ఆ నీళ్లను ఆపుతున్నది కాంక్రీటు కట్ట కాదు, హిమానీనదం తోసుకొచ్చి వదిలిన మట్టీ రాళ్ల గట్టు. ఉపగ్రహ చిత్రాల్లో అది ఏటేటా పెద్దదవుతూ కనబడింది. మన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రోవారి ఉపగ్రహ చిత్రాల కేంద్రం) శాస్త్రవేత్తలు 2013లోనే అది తెగే ప్రమాదముందని రాశారు. 2021లో మరో బృందం, తెగితే వరద ఎంత దూరం, ఎంత ఎత్తున వస్తుందో కూడా లెక్క కట్టింది. 2016లో గొట్టాలు వేసి కొంత నీరు తోడారు. అది చాలలేదు. హెచ్చరిక పరికరాలు అమర్చే పని 2023 సెప్టెంబరులో మొదలైంది, పూర్తి కాలేదు.

అక్టోబరు 3 రాత్రి, గట్టు వాలు నుంచి పెద్ద భాగం జారి సరస్సులో పడింది. పుట్టిన అల గట్టును కోసేసింది. సెప్టెంబరు 28 చిత్రంలో 167 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4 చిత్రంలో 60 హెక్టార్లకు పడిపోయింది. ఆ రెండు చిత్రాలూ ఎన్‌ఆర్‌ఎస్‌సీ విడుదల చేసినవే. దిగువన చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా-3 ఆనకట్ట, 60 మీటర్ల ఎత్తున్నది, కొట్టుకుపోయింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వారిలో సైనికులూ ఉన్నారు.

ఎందుకు చెప్పలేదంటే, మా పని ఏ సరస్సు, ఎంత ప్రమాదం అన్నదాకా చెప్పగలదు. ఏ రాత్రి అన్నది చెప్పలేదు. ఆ రాత్రి సంగతి చెప్పాల్సింది సరస్సు దగ్గర పెట్టే పరికరం, దాని నుంచి లోయలోకి మోగే సైరన్, ఆ సైరన్ వింటే ఎటు పరుగెత్తాలో తెలిసిన మనుషులు. ఆనకట్ట ఎక్కడ కట్టాలి, శిబిరం నదికి ఎంత ఎత్తున వేయాలి అన్న నిర్ణయాలకు మా పటాలు పదేళ్ల ముందే పనికొచ్చి ఉండాలి. పటం గీసి, పరిశోధన పత్రం రాసి, మా బాధ్యత అయిపోయిందనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పత్రాలు ఇంగ్లిషులో ఉంటాయి. చుంగ్‌థాంగ్‌లో టీ కొట్టు నడిపే మనిషికి అవి చేరవు. మీకూ చేరలేదు. ఈ శీర్షిక రాయడానికి ఒప్పుకున్నది అందుకే.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. హిమానీనదాల పటాలు గీయడం నేర్చుకోవాలంటే లక్షలు ఖర్చవుతాయా?
— విద్యార్థిని, నిర్మల్

జవాబు: ఒక్క రూపాయీ అక్కర్లేదు తల్లీ. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి, సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు మొదటి నుంచీ ఎవరికైనా ఉచితం. పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరూ ఉచితమే. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెబుతుంది. డిగ్రీలో భౌతికశాస్త్రం గానీ, భూగర్భశాస్త్రం గానీ, భూగోళం గానీ తీసుకో. లెక్కలు వదలకు.

ఈలోగా ఒక పని చెయ్యి. హిమాచల్‌లో ఘేపాంగ్ ఘాట్ అనే సరస్సు ఉంది, 4,068 మీటర్ల ఎత్తున, హిమానీనదం అంచునే. 1989లో ఒకటి, 2022లో ఒకటి, రెండు చిత్రాలు దించుకుని సరస్సు చుట్టూ నీ చేత్తోనే గీత గీయి. కంప్యూటర్‌ను గీయనివ్వకు. విస్తీర్ణం లెక్కపెట్టు. ఇస్రో లెక్క ప్రకారం మొదటిది 36.49 హెక్టార్లు, రెండోది 101.30. నీకు ఎంత వచ్చిందో, తేడా ఎక్కడ వచ్చిందనుకుంటున్నావో నాకు రాయి. సెప్టెంబరు నెల చిత్రాలే తీసుకో, జూన్‌వి వద్దు.